ఫెస్టస్ కోటు

మా మేయో తీరంలో పొద్దున లేవగానే ఎవరైనా తలుపు వెనక కోటు తడిమి చూసుకుంటారు. దేశం విడిచిపోయేవాళ్లు ఇంట్లో ఒక కోటు వదిలి వెళ్తారు. వాళ్లున్నచోట వాన పడితే ఇక్కడ కోటు తడుస్తుంది, మంచు కురిస్తే తెల్లబడుతుంది. కోటు వేలాడని ఇల్లు మా దగ్గర లేదు. వాటిని ఊళ్లోవాళ్లు మాత్రం తొడుక్కోరు, తొడుక్కుంటే వాళ్లూ ఊరు విడవాల్సిందే.

డెలియా తమ్ముడు ఫెస్టస్ కుర్రతనంలో లండన్ పోయాడు. ఉత్తరాలు మానేసి ఏళ్లయింది. కోటు మీద సిమెంటు దుమ్ము కనిపించినన్నాళ్లూ ఆవిడ ధైర్యంగానే ఉంది. ఈ చలికాలం దుమ్ము ఆగింది, కోటు మంచుకి బిగుసుకుపోయింది. వీడు ఆరుబయట పడుకుంటున్నాడు దేవుడా, అనుకుంది. పొయ్యి దగ్గర పెట్టి లాభం లేదు, ఆ కోట్లు మనిషి ఒంటి వేడికే లొంగుతాయి. ఒకరోజు పొద్దున లోపలి గుడ్డ కూడా గడ్డకట్టింది. తనే తొడుక్కుందామనుకుంది. కానీ తను ఊరు విడిచి పోతే, వాడు తిరిగొచ్చిన రోజున తలుపెవరు తీస్తారు?

కోటు తొడుక్కోమని పక్కింటి మలాకీని బతిమాలింది. పిల్లలుగలవాణ్ని, నావల్ల కాదక్కా అన్నాడు. పైగా శుభవార్త చెప్పాడు. మూసేసిన హోటల్లో ప్రభుత్వం దింపిన, శరణు కోరి వచ్చిన పరదేశీయుల్ని తీసుకుపోడానికి మధ్యాహ్నం బస్సొస్తోందట. వాళ్లొద్దంటూ హోటల్ గేటు దగ్గర నిలబడ్డవాళ్లలో డెలియా కూడా ఉంది, అలా నిలబడ్డవాళ్లకి ఫ్లాస్కుతో టీ పోసిందీ ఆవిడే.

అప్పుడు తట్టింది. ఊరు విడిచి వచ్చినవాళ్లని ఈ కోటు కొత్తగా ఏం చేస్తుంది?

కోటు పట్టుకుని పరిగెత్తింది. గేటు దగ్గర ఆ పరదేశీయుల్లో ఒకడు, ఎరిత్రియావాడు హబ్తోమ్, సంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"బాబూ, ఇది ఒక్కసారి తొడుక్కో."

"నిన్న నన్ను పొమ్మన్నారు కదమ్మా."

"అన్నాను. నోటికొచ్చినట్టు అన్నాను. నా తమ్ముడు చలికి చచ్చిపోతున్నాడయ్యా."

అతను కోటు చెయ్యి తడిమి చూశాడు. "మా అమ్మ దగ్గర నా చొక్కా ఉంది," అంటూ తొడుక్కున్నాడు.

అతని పళ్లు టకటక కొట్టుకున్నాయి. చాలాసేపటికి కోటు అంచు నుంచి నీళ్లు కారాయి. అతను గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"దగ్గుతున్నాడమ్మా. బతికే ఉన్నాడు."

డెలియా అక్కడే కూలబడి ఏడ్చింది. ఇంతలో బస్సొచ్చింది. హబ్తోమ్ కోటు విప్పబోతే ఆవిడ లేచి గుండీలు పట్టుకుంది.

"విప్పకు నాయనా. మా ఇంట్లో గది ఉంది."

"బాగుందక్కా," అన్నాడు వెనకే వచ్చిన మలాకీ. "పొమ్మన్నదీ నువ్వే, ఉండమన్నదీ నువ్వే."

"అవును, నేనే. ఆ సంచీ అందుకో."

మలాకీ గొణుక్కుంటూ సంచీ అందుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వెళ్లి, మిగతావాళ్లు ఎక్కిన బస్సు తలుపు తట్టాడు. టొరంటోలో ఉన్న అతని చెల్లెలి కోటు వారం నుంచీ తడారలేదట.