సింహం బండి దోషాలు

మా అత్తగారింట్లో పశువును అమ్మడానికి ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్ళు ఆకు వక్క ఇచ్చి మాట ఖాయం చేసుకుంటారు. తోలుకుపోయే రోజు ఇంటివాళ్ళు దాని దోషాలన్నీ నోటితో చెప్పాలి. పాలు పిండేటప్పుడు తంతుందా, పక్కవాళ్ళ చేనులో పడుతుందా, కొత్త మనిషిని చూస్తే కొమ్ము విసురుతుందా, ఏదీ దాచకూడదు. దాచిన దోషం మన దొడ్లోనే ఉండిపోతుందట. అంతా అయ్యాక పాత పలుపు విప్పి ఇంటికి తెచ్చుకోవాలి. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకునే వీలు కొనేవాళ్ళకు మాత్రమే ఉంది. అమ్మినవాళ్ళు అడగను కూడా అడగకూడదు.

ఇదంతా నాకు పెళ్ళయిన రెండో నెలలో తెలిసింది. అమ్ముడుపోతున్నది మాత్రం ఆవు కాదు, కారు.

మా ఆయన పురుషోత్తం కారు పేరు పెజో. ఫ్రెంచి జాతి. ముక్కు మీద వెనక కాళ్ళతో నిలబడిన సింహం బొమ్మ ఉంటుంది కాబట్టి పేరేసంద్ర చుట్టుపక్కల అందరికీ అది సింహం బండి. వయసు ముప్పై దాకా ఉంటుంది. మొదట కొన్నాయన బెంగళూరులో ర్యాలీలు తోలేవాడట. ఇంజను విప్పించి, పెద్ద కార్బొరేటర్ పెట్టించి, బండి ఒంటిని నేలకు దగ్గరగా దించేశాడు. ఎరుపు రంగు ఎండలకు వెలిసి, పండీ పండని టమాటా రంగుకు వచ్చింది.

మొదటి ద్రాక్ష పంట చేతికొచ్చిన ఏడాది పురుషోత్తం ట్రాక్టర్ కొంటాడని ఊరంతా అనుకుంటే, దీన్ని తోలుకొచ్చాడు. మా అత్తమ్మ రామలక్ష్మమ్మ కొన్నాళ్ళు అతనితో మాట్లాడలేదట. తర్వాత ఏమనుకుందో, బండి ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి, తను కాపురానికి వచ్చినప్పుడు వెంట వచ్చిన ఆవు పలుపులోంచి జానెడు ముక్క కోసి తాళంచెవికి కట్టింది. ఆ పలుపు ముక్క ఇప్పటికీ అలాగే ఉంది. పట్టుకుంటే అరచేతికి కొంచెం గరుకుగా, కొంచెం వెచ్చగా ఉంటుంది.

ఆ బండి అంటే నాకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పడం? మా ఇల్లు మంచిదే కానీ నిండు ఇల్లు. తెల్లవారితే పాల క్యాన్లు, చామంతులు కోసేవాళ్ళు, అత్తమ్మ, ఆమెను చూడ వచ్చే అక్కచెల్లెళ్ళు. ఆ ఇంట్లో నేను మా ఆయనను ‘మీరు’ అంటాను. సింహం బండి తలుపు వేసుకున్న మరుక్షణం ‘నువ్వు’ అంటాను. అగ్గిపెట్టె అయిపోయిందంటే చాలు, ఇద్దరం పేరేసంద్రకు బయలుదేరేవాళ్ళం. అగ్గిపెట్టె మా ఊరి అంగట్లోనూ దొరుకుతుందని అత్తమ్మకు తెలుసు. ఏమీ అనేది కాదు.

ఒకసారి పాతపాళ్య వైపు పెళ్ళికి పోయి వస్తుంటే పెట్రోలు అయిపోయి బండి ఆగింది. ముల్లు చూస్తే సగం ట్యాంకు చూపిస్తోంది. అతను పెట్రోలు కోసం ఎవరిదో మోటారు సైకిలెక్కి పోతే, నేను కొంగు తలమీద కప్పుకుని గట్టు మీద కూర్చున్నాను. పక్క చేనులో చెనిక్కాయలు పీకుతున్న ఆడవాళ్ళు నాకు దోసెడు పచ్చికాయలు పెట్టారు. నా జన్మలో అంత తీయని కాయలు తినలేదు. ఎదురుగా రాళ్ళగుట్ట, దాని నెత్తిన ఒక్క మబ్బు, ఎండలో ఎర్రగా మెరుస్తున్న నా బండి. ఈ రోజు అయిపోకుండా ఉంటే బాగుండును అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను.

అతను తిరిగొచ్చి, కళ్ళు మూసుకున్న నన్ను చూసి, నేను ఎండకు సొమ్మసిల్లాననుకున్నాడు.

ఆ వారమే చింతామణి మార్కెట్టుకు టమాటాలు తీసుకుపోయి, మండీ సీనప్ప దగ్గర ఆకు వక్క తీసుకుని వచ్చాడు. సీనప్ప ఆ బండిని ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాడు.

“నీకు కొత్త బండి తెస్తా ప్రతిమా. తెల్లది. ఏసీ ఉండాది. ఇంక నిన్ను ఎండలో కూర్చోబెట్టేది లేదు” అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

అంత వెలుగు మీద నీళ్ళెలా చల్లను? “ఊఁ” అన్నాను. పాత బండి మీద అతనికే మనసు విరిగిందేమో అనుకున్నాను. అప్పటికే ఆకు వక్క చేతులు మారింది కూడా.

సీనప్ప వచ్చిన పొద్దున మంచు ఇంకా విడలేదు. తెల్లటి పంచె, భుజం మీద తువ్వాలు, నవ్వితే కదిలే పెద్ద పొట్ట. బండి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగి, బానెట్ మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు.

“లారీలో టమాటాలు వేసుకొని పోతాంటే ఒకసారి ఇది నన్ను దాటుకొని పోయిందమ్మా. ఆ సద్దు ఇంకా చెవిలోనే ఉండాది” అన్నాడు అత్తమ్మతో.

“సద్దు మాకూ వినీ వినీ చాలైంది, తీసుకుపోప్పా” అంది అత్తమ్మ. కొడుకు వైపు తిరిగింది. “దోషాలన్నీ చెప్పి ఇయ్యి. ఒక్కటీ దాచొద్దు. పలుపు మర్చిపోకుండా విప్పుకొని రాండి.” కుంకుమ పెడుతుంటే ఆమె వేలు సింహం ముక్కు మీద కొంచెం ఎక్కువసేపే ఆగింది.

చింతామణి దాకా మేమే తోలుకుపోయి అప్పగించి, బస్సులో తిరిగి రావాలని అనుకున్నాం. సీనప్ప ముందు సీట్లో, నేను వెనక. హైవే ఎక్కగానే పురుషోత్తం బాగేపల్లి వైపు తిప్పాడు.

“ఏమప్పా, చింతామణికి ఇట్లనా దోవ?” అన్నాడు సీనప్ప.

“చుట్టు దోవన్నా. చెప్పాల్సిన దోషాలు శానా ఉండాయి.”

మనసు విరిగినవాడు చుట్టు దోవ పట్టడు కదా.

పేరేసంద్రలో ఎడమకు తిరగగానే హారన్ దానంతట అదే మోగింది. టీ అంగటి ముందున్న నలుగురూ చేతులెత్తారు. పురుషోత్తం కూడా ఎత్తాడు.

“ఇది మొదటి దోషం. ఎడమకు తిప్పితే కూస్తాది. పిలుస్తాండానని అనుకొని అందరూ పలకరిస్తారు. ఇప్పుడు చెయ్యెత్తేది మానేస్తే, ఈయప్పకు పొగరెక్కిందంటారు.”

“మా పెళ్ళి ఊరేగింపులో కూడా మలుపు మలుపుకూ కూసిందన్నా” అన్నాను ఆగలేక. “పెళ్ళికొడుక్కి ఏల ఇంత ఆత్రమని మా ఊరోళ్ళు నవ్వినారు.”

సీనప్ప పొట్ట కదిలింది. అప్పుడే రోడ్డు గతుక్కి ముందరి పెట్టె మూత ఊడి, అందులోంచి వక్క ఒకటి దొర్లి అతని ఒళ్ళో పడింది.

“ఇది నేనిచ్చిన వక్క గదా?”

“ఆకు ఎండిపోయిందన్నా. వక్క ఇందులో పెట్టినా. ఈ మూత పడదు. ఇది రెండోది.”

సీనప్ప వక్కను మళ్ళీ లోపల పెట్టాడు. మరో గతుక్కి మళ్ళీ దొర్లి వచ్చింది. ఇంక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

మంచు పలచబడి, రోడ్డుకు రెండు పక్కలా బంతి తోటలు మసగ్గా పసుపు పచ్చగా తేలుతున్నాయి. ఎండ లోపలికి పడేసరికి బండిలో ద్రాక్ష వాసన లేచింది. ఎప్పుడో లారీ రాకపోతే వెనక సీటు మడిచి ద్రాక్ష బుట్టలు వేసి తోలాడట. రసం కారి కింద పరిచినదానిలోకి ఇంకిపోయింది. ఎంత కడిగినా పోలేదని పురుషోత్తం దోషంగానే చెప్పాడు. చెబుతున్నప్పుడు మాత్రం గాలి లోపలికి పీల్చాడు. పొద్దున పూట మూడో గేరు పడదని, గద్దిస్తే అసలు పడదని, కొంచెంసేపు మంచిగా మాట్లాడాలని చెప్పాడు.

“బండితో మాట్లాడేదా?” అన్నాడు సీనప్ప.

“నువ్వు టమాటాలతో మాట్లాడవా అన్నా? మార్కెట్ పడిపోయిన రోజు నేనే విన్నా గదా.”

“అవి తిట్లప్పా!”

“దీనికి తిట్లు పనికిరావు.”

బాగేపల్లి దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా కనిపించింది. పురుషోత్తం అద్దంలో ఒకసారి నన్ను చూశాడు. రెండో గేరులో కాలు నొక్కాడు. ఎవరో ప్రేమగా వీపును సీటుకు ఒత్తినట్టయింది. ఇంజను గొంతు గురక నుంచి పాటకు మారింది. రాళ్ళగుట్టలు, నీలగిరి చెట్లు, ఆకాశం అన్నీ కలిసిపోయి రంగుల చీరలా పక్కనుంచి జారిపోయాయి. సీనప్ప తువ్వాలు ఎగిరి నా ఒళ్ళో పడింది. అతను వెనక్కి తిరగలేదు. పసిబిడ్డలా నోరు తెరుచుకుని ముందుకే చూస్తున్నాడు.

“ఇదప్పా! ఇదే సద్దు!”

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఇంత ఇష్టంగా కొనే సీనప్ప మాట ఎందుకు వెనక్కి తీసుకుంటాడు?

చేళూరు వైపు తిరిగాక, ఒక ఊరి ముందర రోడ్డు నిండా రాగి కంకులు పరిచి ఉన్నాయి. వచ్చీపోయే బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలాలని అక్కడివాళ్ళు అలా పరుస్తారు. వేరే బండ్లకు అది మెత్తటి పరుపు. మా బండి పొట్ట నేలకు దగ్గర కాబట్టి సగం కుప్పను కిందకి ఈడ్చుకుని ఆగిపోయింది. చీపురుతో నిలబడిన ముసలామె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“మళ్ళా ఇదేనా! పోయిన సుగ్గి కోతలప్పుడు కూడా సగం రాగులు మోసుకొని పోయినావు గదప్పా!”

“దులిపేసి పోతాం అవ్వా.”

ముగ్గురం వంగి గడ్డి లాగాం. సీనప్ప పంచె ఎగగట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అవ్వ నన్ను చూసి, “కొత్త పెండ్లికూతురా? ఈ బండి ఎక్కిందానివి, నీకింక రోజూ గడ్డి పీకే పనే” అంది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. రోజూ ఉంటే ఎంత బాగుండును!

చింతామణి కొండలు కనిపించేసరికి పురుషోత్తం వేగం తగ్గించాడు. మరీ తగ్గించాడు. ఎడ్లబండి కూడా దాటిపోయేలా ఉంది. ఊరి మొదట్లో టీ అంగటి దగ్గర ఆపి, ఇంజను ఆర్పి, తాళంచెవి తీసి, పలుపు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఏళ్ళ చెమటకు బిగిసిన ముడి. గోళ్ళకు రావడం లేదు.

“అన్నీ అయినట్టేనా?” అన్నాడు సీనప్ప.

“ముల్లు అబద్ధం చెప్తాదన్నా. పెట్రోలు లేకపోయినా సగం చూపిస్తాది. పాతపాళ్య దగ్గర ఈమెను ఎండలో కూర్చోబెట్టింది. అందుకే...” అని ఆగాడు. “అందుకే ఇస్తాండా. లేకపోతే ఇచ్చేవాణ్ణి కాదు.”

ఓ దేవుడా. నా కోసమా?

సీనప్ప వెనక్కి తిరిగాడు. “ఇంటి ఆడమనిషివి, నువ్వూ చెప్పాలమ్మా. ఏమన్నా దోషముంటే ఇప్పుడే చెప్పు.”

బండిని ఇవ్వొద్దని అడగడానికి వీల్లేదు. దోషం మాత్రం దాచకూడదు. పలుపు మీద పురుషోత్తం వేళ్ళు ఆగాయి.

“ఒకటుండాదన్నా” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. “ఎక్కితే ఇల్లు శానా తొందరగా వచ్చేస్తాది.”

“ఇల్లు తొందరగా వచ్చేది దోషమా?”

“మాకు దోషమే. ఇల్లు మంచిదే, అత్తమ్మా మంచిదే. కానీ దీంట్లో ఉన్నంతసేపు...” ముఖం వేడెక్కిపోయింది. “ఆ పొద్దు పాతపాళ్య దగ్గర నేను సొమ్మసిల్లలేదు. ఇంకొంచెంసేపు పెట్రోలు దొరకకుండా ఉంటే బాగుండునని కండ్లు మూసుకున్యా.”

అంగట్లో టీ పొంగి స్టవ్ మీద చుయ్యిమంది. పురుషోత్తం తిరిగి నన్ను చూశాడు. ఆ చూపును నేను రాయలేను.

సీనప్ప చాలాసేపు స్టీరింగు వైపే చూశాడు. దాని మీద చెయ్యి వేశాడు. ఒక్కసారి నిమిరాడు. నిట్టూర్చాడు.

“మా ఇంటామె నా కొత్త బండి ఎక్కగానే ఏమంటాదో తెలుసా అమ్మా? ‘ఇల్లు ఎప్పుడొస్తాదప్పా’ అంటాది.” పిడికిలి విప్పి వక్కను చూసుకున్నాడు. “తక్కిన దోషాలన్నీ నేను సర్దుకుంటా. ఇది మాత్రం నాకు కుదిరేది కాదు. నా వక్క నేను తీసుకుంటాండా.”

వక్కను నోట్లో వేసుకుని కటుక్కుమని కొరికాడు. వెంటనే దవడ పట్టుకున్నాడు.

“అయ్యో, ఏమైందన్నా?” అన్నాడు పురుషోత్తం.

“రాయప్పా ఇది! నేను మంచి వక్క ఇచ్చింటే నీ బండి నాకే వచ్చిండునేమో!” అని నవ్వుతూనే నమిలాడు. కళ్ళలో నీళ్ళు నొప్పివో, వేరేవో నేను అడగలేదు.

టీలు తాగాం. మండీ దగ్గర దింపేముందు పురుషోత్తం తాళంచెవి అతని చేతిలో పెట్టి, బాగేపల్లి రోడ్డు మీద ఒక విడత తోలమన్నాడు. సీనప్ప తోలుతుంటే మేమిద్దరం వెనక సీట్లో, ద్రాక్ష వాసనలో, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. మండీ సందులోకి ఎడమకు తిరగ్గానే హారన్ కూసింది. మార్కెట్టంతా తలెత్తి చూసింది. సీనప్ప రాజులా చెయ్యి ఊపాడు.

“ఎప్పుడన్నా నాకు ఆ సద్దు వినాలనిపిస్తే?” అని దిగుతూ అడిగాడు.

“పంపిస్తానన్నా. నువ్వే తోలు.”

తిరిగి వచ్చేటప్పుడూ చుట్టు దోవే. “నువ్వు ముందే చెప్పుంటే?” అన్నాడు పురుషోత్తం. “నువ్వు ముందే అడిగుంటే?” అన్నాను. చేళూరు రోడ్డు మీద రాగి కంకులకు రెండు బారల ముందే ఆపి, అవ్వ చీపురుతో దోవ చేసేదాకా ఓపిగ్గా నిలబడ్డాం. గుట్టల మీద ఎండ తేనె రంగుకు మారుతోంది. మూడో గేరు వెన్నలా పడింది.

మా సందు మలుపులో బండి కూసింది. అత్తమ్మ గబగబా గేటు దగ్గరికి వచ్చి, పలుపు కోసం చెయ్యి చాచి, చాచిన చెయ్యి అలాగే ఉంచి, సింహం ముక్కు వైపు చూసింది.

“పలుపు తెచ్చినారా?” అంది.

“తెచ్చినాము అత్తమ్మా” అన్నాను. “ఆవు కూడా వెంటే వచ్చింది.”