దేవిడీ ముందు

"జర నవ్వు. పట్నం చూడవచ్చినోళ్ల తీరు కనవడాలె," అన్నాడు మా ఆయన ఓదెలు, చార్మినార్ కింద నిలబడి.

నవ్వాను. కోడికూతకే లేచి దళానికి జొన్నరొట్టెలు చేసి, జనగామ దాకా నడిచి రైలెక్కినదాన్ని. తొడలో తూటా దిగిన మా దళం సమ్మక్క కోసం ఇక్కడో కాంపౌండరు దొంగచాటుగా మందు సీసాలు ఇస్తానన్నాడు. సాయంత్రం దాకా నిజాం పోలీసుల కంటికి మేము ఊరికే తిరిగేవాళ్లలా కనబడాలి. పెళ్లయ్యాక నన్ను సంతకైనా తీసుకుపోని మనిషి పట్నమంతా తిప్పాడు. గాజుల దుకాణాలు, అత్తరు వాసన, గుర్రబ్బండ్లు. చూడటానికి కళ్లు చాలలేదు. అన్నం మూట, నీళ్ల చెంబు మాత్రం నా నెత్తినే ఉన్నాయి.

కాంపౌండరు సగం సీసాలే ఇచ్చాడు. మిగతావాటికి ఎల్లుండి రమ్మన్నాడు. ఇచ్చినవి నా రొంటిన దోపుకుని స్టేషన్‌కు వస్తుంటే దారిలో ఒక నవాబుగారి మేడ, దేవిడీ అంటారు, దాని ముందు పోలీసు. ఓదెలు ఠక్కున ఆగి, చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు.

మా ఊళ్లో దొర గడీ ముందు ఎవరూ చెప్పులతో నడవకూడదు. సంఘం వచ్చాక జనాన్ని వెంటేసుకుని చెప్పులతో టకటకా నడిచింది ఈయనే. ఆ పెద్ద గుమ్మం చూడగానే అదంతా మరిచిపోయాడు. పట్నంలో అట్లా చేసేవాళ్లెవరు? పోలీసు అనుమానంగా దగ్గరికొచ్చి, "కిదర్ సే ఆయే?" అని ఎక్కణ్ణుంచి వచ్చామో అడిగాడు. ఈయన చెప్పుల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

నేను గబుక్కున కూలబడి ఈయన కాలు లాగాను. "ముల్లు ఇరిగిందా? కొత్త చెప్పులు కరుస్తయంటే ఇంటివా? నీతోని ఏగలేక సస్తున్న!" అని తిట్టిపోశాను. పోలీసు పకపకా నవ్వి వెళ్లిపోయాడు.

మర్నాడు పాలకుర్తి గుట్టల్లో దళ నాయకుడు రాజయ్యన్న ప్రయాణం సంగతి అడిగాడు.

"దేవిడీ ముందట ఇది చెప్పులిడిసిందన్నా. నేనే ఎట్లనో పోలీసును మళ్లిచ్చి తోలుకచ్చిన," అన్నాడు ఓదెలు, నావైపు చూడకుండా.

అందరూ నవ్వారు. "ఆడోళ్లతోని అయ్యే పని కాదు, చెల్లె. నువ్వు రొట్టెల కాడ్నే ఉండు. మిగిలిన సీసాలకు ఇంకొకర్ని పంపుత," అన్నాడు రాజయ్యన్న.

మొగోని ఇజ్జత్ కాపాడాలె అని మా అత్త పోరేది. కాపాడాను. ఈయన తాగొచ్చి కొట్టిన దెబ్బలను కూడా జారిపడ్డానని చెప్పుకున్నాను. ఈ ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదు.

"ఇడిసింది నేను కాదన్నా, ఈయన. పోలీసును మళ్లిచ్చింది నేను."

ఓదెలు తల వంచుకున్నాడు. రాజయ్యన్న, "పొయ్యి ఆరిపోతున్నది సూడు, చెల్లె," అన్నాడు.

"ఆకలైనోళ్లు ఊదుకోండ్రి," అన్నాను. "సీసాలకు రేపటి రైలుకు నేనొక్కదాన్నే పోతున్న."