సాయంత్రం తెల్లారే ఇల్లు

మొగుడు పెదబాబు పోయి రెండేళ్లు దాటినా, పొద్దునపూట ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే సూరమ్మకి భయమే. దెయ్యాలు చీకటి పడ్డాకే వస్తాయని చెప్పేవాళ్లని చూస్తే ఆవిడకి ఒళ్లు మండుతుంది. ఈ ఇంట్లో మాత్రం వాకిట్లో ఎండ పడ్డాకే ఆ గొంతు వినిపిస్తుంది. "కాసేపు పడుకోనీవే సూరమ్మా" అని, మొగుడి మంచం ఉన్న చోటి నుంచే. మంచం తీయించేసింది. గొంతు మాత్రం పోలేదు.

అంతర్వేదిలో సముద్రం మీద చేపల వేటకెళ్లే మగవాళ్లు పొద్దుగూకే వేళకి లేచి, తిని, పడవెక్కుతారు. తెల్లారాక వచ్చి పడుకుంటారు. పెదబాబుకి చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. కాల్లో జెల్ల చేప ముల్లు దిగి, చీము పట్టి మంచాన పడ్డప్పుడు కూడా రాత్రంతా మేలుకునే ఉండేవాడు. అన్నం అప్పుడే అడిగేవాడు. పగలు ఖాళీ కడుపుతో ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవాడు. ఆ పుండుకి రాసిన ఇంజక్షన్ రోజూ పొద్దున్నే చెయ్యాలని పెద్ద డాక్టరు గట్టిగా చెప్పాడు. సూరమ్మ ఆ మాట జవదాటలేదు. రోజూ భుజం పట్టి కుదిపి లేపేది, బతిమాలితే కసిరేది. పుండు మానింది గానీ కిడ్నీలు పాడయ్యాయి. కాకినాడ తీసుకెళ్లినా మనిషి దక్కలేదు.

ఇప్పుడు, తండ్రిలాగే రాత్రి వేటకెళ్లే కొడుకు నాగసతీష్ చలిజ్వరంతో అమలాపురంలో ఒక ఆసుపత్రిలో ఉన్నాడు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. పరీక్ష చేస్తే, తండ్రికి వాడిన ఇంజక్షన్ మందు ఒక్కటే పనిచేస్తుందని తేలింది. ఆ పేరు వినగానే సూరమ్మ డాక్టరుకి అడ్డుపడింది.

"అది వద్దండి డాక్టరమ్మగారూ. మా ఆయన్ని మింగేసిందండి."

డాక్టర్ అనురాధ విసుక్కోలేదు. "ఇంకే మందుకీ లొంగట్లేదమ్మా. రోజూ రక్తం పరీక్ష చేస్తూ, జాగ్రత్తగానే ఇస్తాం. మీ అబ్బాయి ఏ వేళప్పుడు పడుకుంటాడు?"

"దేనికండి?"

"ఈ మందుని కిడ్నీలే బయటికి పంపాలి. మనిషి తిని, తిరిగే వేళ ఆ పని చురుగ్గా సాగుతుంది. నిద్రవేళ నెమ్మదిస్తుంది. మందు లోపలే నిలిస్తే కిడ్నీలకే దెబ్బ. పొద్దున్నే చెయ్యమనేది అందుకే. రాత్రి పనిచేసేవాళ్ల సంగతి వేరు కదా, అందుకని అడుగుతున్నా."

వార్డులో ఎండ పడుతోంది. ఇంట్లో వదిలేసి వచ్చాననుకున్న గొంతు ఇక్కడ కూడా చెవి పక్కనే వినిపించింది. బద్ధకం కాదది. ఆ మనిషి ఒళ్లు అడిగిన నిద్ర. తను పొద్దున అనుకుని లేపింది ఆయనకి నడిరాత్రి.

"వాడికి సాయంత్రమే తెల్లారుద్దండి" అంది సూరమ్మ. "ఆళ్ల నాన్నకీ అంతేనండి. అప్పుడెవరూ అడగలేదండి. నాకు తెలుసండి, నేనూ చెప్పలేదు. నేనే చంపుకున్నానాండీ?"

"అలా అనకండమ్మా. పుండు విషమే కిడ్నీలకి పాకిందేమో. ఇంజక్షన్ వేళ వల్లేనని ఎవరూ చెప్పలేరు."

"కాదని చెప్పగలరాండీ?"

అనురాధ ఆవిడ చెయ్యి పట్టుకుంది. తర్వాత చీటీలో ఇంజక్షన్ వేళని సాయంత్రానికి మార్చి రాసింది.

ఆ రోజంతా నాగసతీష్‌ని ఎవరూ కదపకుండా సూరమ్మ పక్కనే కూర్చుంది. పొద్దు వాలాక వాడు లేచాడు. అన్నం కలిపి పెడితే కాస్త తిన్నాడు. నర్సు సూది తీసుకురాగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా, నాన్నకి చేసిందీ ఇదేనా? నిజం చెప్పు. ఇదే అయితే నేను చేయించుకోను."

సూరమ్మ వాడి తల నిమిరింది.

"కాదురా నాన్నా. అది వేరే మందు."

నాగసతీష్ నమ్మి చెయ్యి చాపాడు, తండ్రి చాపినట్టే.