వెనక సీటు ఆలస్యంగా వస్తుంది

మా కారు వెనక సీటు ముందు సీటు కంటే నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరుతుంది.

ఈ సంగతి కొన్న మూడో రోజున తెలుస్తుంది. సూర్యారావుపేటలో డయాలసిస్ సెంటర్ ముందు కారు ఆపి, దిగి, నాన్నకు తలుపు తీద్దామని వెనక్కి వెళతాను. తీయడానికి తలుపు లేదు. ముందు సీట్ల వెనక కారు అయిపోయి ఉంది, సబ్బు ముక్కను దారంతో కోసినట్టు నున్నగా. వాచీ చూసుకుంటూ నిలబడతాను. కాసేపటికి వెనక సగం సందు మలుపు తిరిగి, రెండు చక్రాల మీద నిదానంగా వచ్చి, చిన్న చప్పుడుతో ముందు సగానికి అతుక్కుంటుంది. అందులో ఎడమ పక్కన, కాలు మీద కాలు వేసుకుని నాన్న కూర్చుని ఉన్నాడు.

"బాగా తోలావమ్మా సుగుణా. కుదుపే లేదు," అంటాడు.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. కరెంటు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేస్తున్నాను. ఇంట్లో ఉండేది నేనూ నాన్నా. నాన్న పేరు యాకోబు. ముప్పై నాలుగేళ్లు ఒక రైసుమిల్లు ఓనరుగారి కార్లు తోలాడు. ఇప్పుడు ఆయన కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడుసార్లు, పొద్దున ఎనిమిదింటికి, మెషిను ఆయన రక్తాన్ని బయటకు తీసి, కడిగి, మళ్లీ లోపలికి పంపాలి. తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది. నీరు ఎక్కువైతే మనిషి పోతాడు. కారు కొన్నది అందుకే.

పెద్ద కారు మా వల్ల కాదు. "సిటీకి ఇంతకన్నా ఏం కావాలి మేడమ్? సందుల్లో దూరిపోతుంది, ఎక్కడైనా పార్కింగు దొరుకుతుంది, పెట్రోలు కొంచెమే తాగుతుంది," అంది షోరూమ్ అమ్మాయి. అన్నీ నిజమే. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం గేరు రాడ్డు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. చిన్న పెట్రోలు ఇంజన్లకు అది మామూలేనట.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళతాను. మెకానిక్ బానెట్ ఎత్తి వింటాడు, మూస్తాడు.

"ముందు భాగం తేలికండి, ట్రాఫిక్‌లో దూరిపోద్ది. వెనక మనిషి బరువుంది కదా, ఆగి ఆగి వస్తది. వాడగా వాడగా సర్దుకుంటదిలెండి."

వాడగా వాడగా నాలుగు నిమిషాలు ఇరవై అవుతాయి. ఇరవై, నలభై అవుతాయి.

బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెడతాడు. కారు చుట్టూ తిరగబోయి, సగంలోనే చుట్టు పూర్తయి, మళ్లీ నా దగ్గరికి వస్తాడు.

"వెనక ముక్క ఏదమ్మా?"

"వస్తోంది సార్. రామవరప్పాడు దాటి ఉంటుంది."

"నంబరు ప్లేటు దానికుందా?"

"ఉంది సార్."

"అయితే సరే. నువ్వు బెల్టు పెట్టుకో ముందు," అని పంపేస్తాడు.

చదువుకున్నదాన్ని కాబట్టి, సమస్య వస్తే దరఖాస్తు రాయాలని నాకు తెలుసు. కంపెనీకి రెండు పేజీలు రాస్తాను. వారంలో జవాబు వస్తుంది. వాహనానికి అయిదు సీట్లు ఉన్నాయని మాత్రమే మేము హామీ ఇచ్చాము, అయిదూ ఒకే సమయంలో ఉంటాయని ఎక్కడా చెప్పలేదు, అని అందులో ఉంది. కింద సంతకం చాలా అందంగా ఉంది. దాన్ని ఫైలులో పెడతాను.

నాన్నతోనే మాట్లాడతాను.

"ముందు కూర్చో నాన్నా. నా పక్కన. ఇద్దరం ఒకేసారి వెళ్లిపోతాం."

"ముప్పై నాలుగేళ్లు ముందే కూర్చున్నానమ్మా. ఆ సీటు ఎట్టా ఉంటదో నా నడుముకి తెలుసు. ఎడం పక్క వెనక సీటు ఓనరుది. నా కూతురు కారు కొంటే నేను ముందు కూర్చోవాలా?"

"ఆలస్యమవుతోంది."

"ఓనరు ఎప్పుడన్నా టైముకొస్తాడా ఏంది? మా అయ్యగారు కల్యాణమండపానికి తాళి కట్టినాక వచ్చేవోడు. ఒక్కడన్నా ఏమన్నా అన్నాడా?"

ఆటో తెస్తాను. సొంత కారు పెట్టుకుని ఆటో ఎక్కుతానా అని, ఆటోకి టాటా చెప్పి, వెనక తలుపు దగ్గరికి వెళ్లి నిలబడతాడు. నేను తలుపు తీసేదాకా నిలబడే ఉంటాడు. నేను తీస్తాను. ప్రతిసారీ తీసేది నేనే.

ఆ రోజు వెనక సీటు మూడు గంటలు ఆలస్యం. ఎనిమిదింటికి సెంటర్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కిరణ్మయి సిస్టరు మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, సూదులు సిద్ధం చేసి, నాన్న పేరు పిలుస్తుంది.

"వస్తున్నారు సిస్టర్. ఏలూరు రోడ్డులో ఉన్నారు."

"మంచం ఖాళీగా ఉంచకూడదమ్మా. పైనుంచి అడుగుతారు. నీ ఒంట్లో ఉన్నది ఆయన రక్తమేగా? పడుకో."

ఆలోచిస్తే ఆమె చెప్పింది సబబుగానే ఉంది. పడుకుంటాను. నా రక్తం గొట్టంలో ఎర్రగా వెళ్లి, ఇంకా ఎర్రగా తిరిగొస్తుంది. నాలుగు గంటల తర్వాత లేచేసరికి ఒళ్లు దూదిలా తేలిగ్గా ఉంటుంది. బయట, గంట కిందటే చేరిన వెనక సీటులో నాన్న కాలు మీద కాలు వేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. కాలు లేవడం లేదు. చెప్పుల పట్టీలు పాదాల్లో కూరుకుపోయాయి.

"నీకు బాగా కడిగారా?" అని అడుగుతాడు.

"బాగా కడిగారు నాన్నా."

"సరేలే. ఇంట్లో ఒకళ్లకన్నా అయింది."

తర్వాతి సారీ అంతే. ఆ తర్వాతి సారీ అంతే.

ఆఫీసులో మా సూపరింటెండెంటు మాణిక్యాంబగారు కళ్లజోడు పైకెత్తి చూస్తుంది. "ఏం రాస్తున్నావే మొహానికి? పెళ్లికూతురులా మెరిసిపోతున్నావు."

"ఏమీ లేదండీ. మా నాన్న వంతు నేను పడుకుంటున్నాను."

"అదృష్టవంతురాలివి. మా నాన్న ఉన్నన్నాళ్లూ కుర్చీలోంచి లేచేవాడు కాదు," అని ఫైలు నా వైపు తోస్తుంది.

సిస్టరు ఒకరోజు నా చేతికి దూది అంటిస్తూ చెబుతుంది. "మీ నాన్నకి ఊపిరితిత్తుల దాకా వచ్చిందమ్మా నీరు. ఎల్లుండి గనక తప్పిందంటే ఇంక మనిషి మిగలడు. నీకేం, నువ్వు నూరేళ్లుంటావు."

ఆ మాట ఇంటికి మోసుకెళతాను. మంచం మీద నాన్న దిండు ఎత్తు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే నీరు గొంతులోకి వస్తుంది. ఆయనకు రోజుకు ఒక చిన్న గ్లాసు నీళ్లే తాగాలని చెప్పారు. దాన్ని చేత్తో పట్టుకుని, తాగకుండా, దానికేసి చూస్తున్నాడు.

"ఎల్లుండి నువ్వే తోలు నాన్నా," అంటాను.

ఆయన మొహం వెలుగుతుంది. "నేనా?"

"నువ్వే. ముందు సీటు ఎప్పుడూ టైముకే చేరుతుంది."

"తోలతాను. ఈ ఊళ్లో నాకు తెలియని సందు ఏదుంది?" అని గ్లాసు కింద పెడతాడు. "కానీ నువ్వు వెనక కూర్చోవాలి."

"పక్కన కూర్చుంటాను."

"ఓనరు పక్కన కూర్చుంటే డ్రైవరుకి చెయ్యి ఆడదమ్మా. వెనక కూర్చుంటే తోలతా, లేదంటే లేదు."

నేను లెక్కలు వేసి చూస్తాను. ఆయన టైముకి చేరాలి. నేను ఎప్పుడు చేరినా పరవాలేదు. నా రక్తం కావలసినదానికంటే శుభ్రంగా ఉంది. ఒప్పుకుంటాను.

ఆ ఉదయం నాన్న తెల్ల చొక్కా వేసుకుంటాడు. తడి న్యూస్‌పేపరుతో అద్దాలన్నీ తుడుస్తాడు. ఆయాసంతో మూడుసార్లు ఆగుతాడు, కానీ తుడుస్తాడు. నాకు వెనక తలుపు తీసి పట్టుకుంటాడు.

"చేరగానే లోపలికి వెళ్లిపో. నాకోసం ఆగొద్దు. విన్నావా?" అంటాను.

"అట్టాగేనమ్మా."

ఓనరుగారు ఏం చెప్పినా నాన్న ఇదే మాట అనేవాడు. నేను ఆ గొంతు చిన్నప్పటినుంచీ విన్నాను. అయినా తలుపు వేయనిస్తాను.

మొదటి మలుపులోనే ముందు సగం వెళ్లిపోతుంది. నా ఎదురుగా ఇప్పుడు సీటు లేదు, స్టీరింగు లేదు, అద్దం లేదు. గాలి వస్తోంది. ఇంజను చప్పుడు వినిపించడం లేదు. వెనక సీటు చాలా బాగుంటుంది. ఇది చెప్పకూడదు గానీ చెబుతున్నాను. తొందరపడాలనిపించదు. ఎవరో ఎక్కడో మనకోసం నిలబడి ఉంటారని మాత్రం అనిపిస్తుంది, అదొక సుఖం.

ఏలూరు రోడ్డులో ఒక సిగ్నల్ పగలంతా ఎర్రగానే ఉంటుంది. జామకాయలు అమ్మే ఆమె కాయ కోసి, ఉప్పుకారం అద్ది ఇస్తుంది.

"పొద్దున ముందుపోయిన ముక్కలో ఉన్నది మీ డ్రైవరేనా?"

"మా నాన్న."

"భలే తోలుతున్నాడమ్మా. నా బుట్టకి వెంట్రుకవాసిలో పోయాడు, ఒక్క కాయ కదిలితే ఒట్టు."

రెండో రోజుకు సిగ్నల్ పచ్చబడుతుంది. రాత్రులు రావు. వెనక సీటుకు రాత్రి ఇంకా చేరలేదు. మూడో రోజు నాకు భయం వేస్తుంది. దిగి పరిగెడదామని తలుపు లాగుతాను. అది రాదు. వెనక తలుపులు బయటినుంచే తెరుచుకునేలా నాన్న లాకు వేశాడు. ఓనరు తన చేత్తో తలుపు తీసుకోవడం డ్రైవరుకి అవమానం. ముందు వైపు ఖాళీగానే ఉంది, కానీ అక్కడ కింద రోడ్డు చాలా లోతుగా ఉంది. బెల్టు బిగించుకుని కూర్చుంటాను.

ఏడో రోజు ఉదయం వెనక సగం సందు మలుపు తిరుగుతుంది.

ముందు సగం సెంటర్ ఎదురుగా, గోడకి జానెడు దూరంలో, గీత గీసినట్టు ఆగి ఉంది. దాని పక్కన నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ నాకు దూరం నుంచే చెబుతాడు.

"ఆరు రోజుల కింద ఎనిమిదికి పది నిమిషాలుండగానే వచ్చాడమ్మా. సిస్టరు గొంతు పోయేలా పిలిచింది. ఓనరు దిగందే బండి వదిలి రానన్నాడు. మంచినీళ్లిస్తే కూడా, డ్యూటీలో ఉన్నానన్నాడు."

రెండు సగాలు అతుక్కుంటాయి. నాన్న వచ్చి తలుపు తీస్తాడు. నా తల తగలకుండా పైన అరచెయ్యి అడ్డం పెడతాడు.

"దిగండమ్మగారూ."

"నాన్నా, నేను. లోపలికి వెళ్లిపొమ్మన్నాను కదా?"

"అట్టాగేనండి," అంటాడు, కదలకుండా.

ఆయన చొక్కాకి గుండీలు లేవు. ఒళ్లు నీళ్ల ప్యాకెట్టులా బిగిసి, పల్చబడి, లోపలిదంతా కనిపిస్తోంది. లోపల ఎముకలు లేవు. మెడదాకా తేటగా నీరు ఉంది. నీటి అడుగున, పొట్ట దగ్గర, డయాలసిస్ సెంటర్ లైట్లన్నీ వెలుగుతున్నాయి. మంచం ఉంది, తెల్ల దుప్పటి ఉంది, గోడ మీద గడియారంలో సరిగ్గా ఎనిమిది అయింది. వేలెడంత కిరణ్మయి సిస్టరు తలెత్తి నన్ను చూసి ఏదో అరుస్తుంది. ఆ అరుపు బుడగై పైకి లేచి, ఆయన గొంతు దగ్గర ఆగుతుంది. నాన్న మర్యాదగా దాన్ని మింగేస్తాడు.

"మీ పని ఎంతసేపు పడుతుందండీ? బండి ఇక్కడే ఉంచమంటారా, నీడకి పెట్టమంటారా?"

నేను ఆయన పొట్ట మీద రెండు చేతులూ ఆనించి లోపలికి చూస్తాను. సిస్టరు దుప్పటి దులిపి నాన్న పేరు పిలుస్తుంది. గోడ వారగా కుర్చీల్లో వరసగా కూర్చున్నవాళ్లందరూ ఒక్కసారే లేచి, నీళ్లలో మెల్లగా నడుస్తూ మంచం వైపు వస్తున్నారు. వాళ్లందరిదీ నా మొహమే. అందరూ చాలా ఆరోగ్యంగా ఉన్నారు.