పై లైను

కాలేజీ కంప్యూటరు ల్యాబులో వరహాలరావు మాస్టారు మూడో కంప్యూటరు ముందు వంగి తెరవైపు చూస్తున్నాడు. ముప్పై రెండో లైను కింద ఎర్రగీత పడింది. ఆ లైనును అక్షరం అక్షరం చదివాడు. తప్పేమీ కనబడలేదు. వెనక విద్యార్థులు ఎదురుచూస్తున్నారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. జవాబు తెలియనప్పుడల్లా అతను చేసే పని అదే.

ల్యాబు ఊడుస్తున్న సోములమ్మ పక్క బల్ల తుడిచే వంకతో దగ్గరికి వచ్చింది.

"పై లైను సూడండి సారూ. సివర సెమీకోలను మర్సిపోనారు."

పెట్టాడు. గీత పోయింది.

"తప్పు ఎప్పుడూ పై లైన్లో కూడా వెతకాలి," అని విద్యార్థులకు చెప్పాడు.

తొమ్మిదేళ్లుగా ఇదే వరస. బొబ్బిలి నుంచి ఈ కొండమీది ప్రైవేటు కాలేజీకి వచ్చేనాటికి అతనికి తెలిసింది పుస్తకంలోని ప్రోగ్రాములను బోర్డు మీదికి ఎక్కించడమే. తప్పు దొర్లితే, ప్రోగ్రామును సరిచూసే కంపైలర్ తెర మీద ఇంగ్లీషులో ఏదో చెప్పేది. అదేమిటో అతనికి ఎన్నడూ అంతుబట్టలేదు. డుంబ్రిగుడ దగ్గరి గూడెంలో పదో తరగతి వరకు చదివిన సోములమ్మ మాత్రం, తెర మీద ఏ మాట వస్తే ఏం దిద్దాలో చూసి చూసి పట్టేసింది. ఆమె గొణిగింది అతని నోట పాఠమయ్యేది.

మధ్యాహ్నం యాజమాన్యం మనిషి విశాఖ నుంచి వచ్చాడు. ఊడ్చే పనిని కాంట్రాక్టుకు ఇచ్చేస్తున్నారట.

"ఈవిడకి ల్యాబు పనేమైనా వచ్చా మాస్టారూ? వస్తే అసిస్టెంటుగా ఉంచేస్తాం."

గుడ్డ పిండుతున్న సోములమ్మ చేతులు ఆగాయి. తల ఎత్తలేదు. ఆమెకు వచ్చని చెబితే, మరి తమరెందుకన్న ప్రశ్న తన మీదికే వస్తుంది. వరహాలరావు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"ఊడుస్తాదండి. అంతే," అన్నాడు.

గుడ్డలోంచి మళ్లీ నీళ్లు కారాయి.

సాయంత్రం ఆమె చీపురును తలుపు మూల నిలబెట్టి, తాళంచెవి తెచ్చి అతని బల్లమీద పెట్టింది.

"సోములమ్మా..."

"ఎల్లొత్తాను సారూ. బేగి ఎల్లకపోతే జీపు పోద్ది."

ఆ గొంతులో కోపం లేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు. తప్పు చేశానని చెబుదామని నోరు తెరిచాడు.

"జాగ్రత్తగా వెళ్లు," అన్నాడు.

జీపు చప్పుడు మలుపు దాటాక కిటికీలు మూశాడు. ప్రింటరు కింద ఏదో కనబడితే లాగాడు. పాత క్యాలెండరు కాగితాలను తిరగేసి గోనెదారంతో కుట్టిన పుస్తకం. ప్రతి పేజీలోనూ కంపైలర్ చెప్పే ఇంగ్లీషు మాట తెలుగు అక్షరాల్లో, పక్కనే దిద్దవలసింది. గుండ్రటి, కష్టపడి రాసిన అక్షరాలు.

అట్టమీద, కాగితం అవతలికి అచ్చు దిగేంత గట్టిగా నొక్కి రాసి ఉంది: "వరహాలరావు సారు నేర్పినవి."