ముప్ఫై తలుపుల ఇల్లు

కంప్యూటరు డిస్కు పూర్తిగా పోయిందని రిపేరు షాపాయన చెప్పినా చిట్టి బెదరలేదు. నాన్న గొంతుకు తన దగ్గర ఒకటి కాదు, ముప్ఫై ప్రతులున్నాయి.

నాన్న బస్టాండులో పాతికేళ్లు మైకులో బస్సుల వేళలు చెప్పినవాడు. గొంతులో కాన్సరొచ్చి స్వరపేటిక తీసేశారు. ఆపరేషనుకు ముందు చిట్టి ఆయన చేత రెండు వేల వాక్యాలు రికార్డు చేయించింది. అవి ఇస్తే, ఆయన టైపు చేసిన మాటను ఆయన గొంతుతోనే పలికే యంత్రం తయారు చేస్తారు. అందాకా పలకా బలపమే ఆయన నోరు. రికార్డింగులు ఎల్లుండి అప్పజెప్పాలి.

ఫైళ్లను ఆ రోజు ఉన్నవి ఉన్నట్టు చూపే స్నాప్‌షాట్‌ను కంప్యూటరు రోజూ తీసేలా చిట్టి పెట్టుకుంది. ఒకసారి పొరపాటున వంద వాక్యాలు చెరిపేస్తే, ముందురోజు స్నాప్‌షాట్ తెరిచి రెప్పపాటులో వెనక్కి తెచ్చుకుంది. అప్పటినుంచి కొండంత ధీమా. ఏ రోజుది తెరిచినా రెండు వేలూ నిండుగా కనిపించేవి మరి. అందుకే వీడియోలు తీసే బావ వాటిని దాచుకోవడానికి చోటు కావాలంటే, రెండు వేల వాక్యాలూ ఆర్కైవ్‌గా ఎక్కించి బీరువాలో ఉంచిన విడి డిస్కును పోయిన సోమవారం తుడిచి ఇచ్చేసింది. బావ ఆ పూటే దాన్ని నింపేశాడు. ముప్ఫై ఉండగా ముప్ఫై ఒకటోది దేనికని అప్పుడు నవ్వింది కూడా.

"ముప్ఫై స్నాప్‌షాట్లున్నాయి. అవి తీసివ్వండి చాలు," అంది.

"ఎక్కడున్నాయమ్మా?"

"ఇందులోనే."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. స్నాప్‌షాట్ నకలు కాదని మెల్లగా చెప్పాడు. అది తీసిన క్షణాన ఫైళ్ల ముక్కలు డిస్కులో ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని, వాటిని చెరగనీయకుండా కాపలా కాస్తుందంతే. తర్వాత మారిన ముక్కలు కొత్త చోట పడతాయి. మారనివి అన్ని స్నాప్‌షాట్లకూ ఉమ్మడి. చెయ్యి జారి చెరిపితే ఆదుకుంటుంది గానీ, డిస్కే పోతే దాంతోపాటే పోతుంది. ఆర్కైవ్ అలా కాదు, వేరే చోట సొంతంగా నిలబడే పూర్తి ప్రతి. ఈ డిస్కు లోపల సమాచారం ఉండే పళ్లేలు గీరుకుపోయాయి, ఇక దాన్ని తిరిగి తీయడం ఎవరి వల్లా కాదు.

"ఒక్క ఇంటికి ముప్ఫై తలుపులు పెట్టుకున్నావమ్మా. ఇల్లే కూలింది."

విడి డిస్కు తుడిచిన పూట చిట్టికి గుర్తొచ్చింది. సోమవారం, నిజంగానే తుడిచేయాలా అని కంప్యూటరు రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునని నొక్కింది తన వేలే. చేజేతులా చేసుకుంది. ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలియదు.

నాన్న గుమ్మంలోనే ఎదురొచ్చి పలక చూపించాడు. యంత్రం రాగానే పలికించాల్సిన మొదటి మాట రాసి పెట్టుకున్నాడు: 'చిట్టీ, అన్నం తిన్నావా?'

"నాన్నా, నీ గొంతు నేనే చెరిపేశాను," అంది.

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఆమె దాచకుండా మొత్తం చెప్పింది. విన్నాక ఏదో రాయాలని చొక్కా అంచుతో పలక తుడవబోయి, ఆగిపోయాడు. దాన్ని అలాగే ఆమె చేతుల్లో పెట్టి, రాయడానికి కాగితం వెతుక్కుంటూ లోపలికి వెళ్లాడు.