రెండో డబ్బా

మూడో మేకుకు వేలాడాల్సిన గరాటు అక్కడ లేదు. ఆర్విడ్ చెయ్యి అలవాటుగా గోడ మీదికి వెళ్లి, గాలిని పట్టుకుని, వట్టిగా కిందికి దిగింది. పక్క మేకు తడిమాడు. తూటాలో తప్పుగా బిగిసిన గుండును ఊడగొట్టే సుత్తి ఉండాలి అక్కడ. అదీ లేదు.

"మావిస్!" అని అరిచాడు.

గది మూల కాఫీ కాస్తున్న మావిస్ వెనక్కి తిరగలేదు. వేటగాళ్ల సంఘానికి అధ్యక్షురాలు ఆవిడ. తలుపు దూరేటప్పుడు తల వంచాల్సినంత పొడవు. వంచడం ఇష్టంలేక ఏళ్ల తరబడి నుదురు కొట్టుకుంటున్న మనిషి.

"నిన్న సొరుగుల్లో సర్దానయ్యా. ఎర్రదాంట్లో గరాట్లు, పచ్చదాంట్లో అచ్చులు. చూడు, ఎంత ముచ్చటగా ఉందో!"

"మిఠాయి కొట్టులా ఉంది. ఎవరైనా వచ్చి చీకుతారేమోనని భయంగా ఉంది."

"నీ మేకుల గోడ చూసి కొత్తవాళ్లు జడుసుకుంటున్నారు."

"జడుసుకోవాలి. పేలుడు మందుకు జడుసుకోనివాడి కనుబొమ్మలు ఏవీ, ఎక్కడున్నాయి?"

తిడుతూనే సొరుగులన్నీ బల్ల మీద బోర్లించాడు. పొట్టి మనిషి, మెడ లేదు, భుజాల మీద నేరుగా తల పెట్టినట్టుంటుంది. ఎడమచేతి రెండు వేళ్లు రంపం మిల్లు తినేసింది. మిగిలిన వేళ్లతోనే ఒక్కో అచ్చునూ నూనెగుడ్డతో తుడిచి, దాని పెట్టెలో పడుకోబెట్టాడు. తూటా గుల్లల అడుగు పట్టి ఉంచే ఇనుప బిళ్లల్ని చిన్న మేకులకు, లోపలి మసి గీకే కుంచెల్ని వాటి కింద, త్రాసును గాలి తగలని మూలన. కళ్లతో పెట్టలేదు, చేత్తో పెట్టాడు. చూపు మసకబారి రెండేళ్లు దాటింది. ఆ సంగతి మేకులకు మాత్రమే తెలుసు, అవి ఎవరితోనూ అనవు.

డ్రై ఫోర్క్ ఊళ్లో దాణా కొట్టు వెనక గది అది. పేల్చిన తూటా గుల్లల్ని ఏరుకొచ్చి, కడిగి, అచ్చులో నొక్కి, మళ్లీ మందు పోసి, గుండు బిగించుకోవడానికి ఊరందరికీ ఉన్నది ఆ ఒక్క బల్లే. మిల్లు మూతపడ్డ నాటి నుంచి దాని కాపలా ఆర్విడ్‌ది. బండి సీటు మీది గొర్రెతోలును రోజూ వెంట తెచ్చి, బల్ల ముందు ఎత్తుపీట మీద పరుచుకుని కూర్చుంటాడు. ఆ గదిలోకి ఎలుకలు కూడా కాళ్లు తుడుచుకుని వస్తాయని, తుడుచుకోనిదాన్ని తక్కినవే బయటికి గెంటేస్తాయని ఊళ్లో చెప్పుకుంటారు. ఊరివాళ్ల డబ్బాలన్నీ దాచే మందు బీరువా తాళంచెవి అతని నడుముకు వేలాడుతుంది. అది లేకపోతే ఆర్విడ్ ఊళ్లో ఎవరూ కాడు. ఆ సంగతి అతనికి తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు.

బల్లకు ఉన్న నియమం ఒక్కటే. దాని మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. పిస్తోలు మందు గుప్పున అంటుకుంటుంది, పెద్ద తుపాకి మందు నింపాదిగా మండుతుంది. ఒకదాని బదులు ఒకటి పోస్తే తుపాకి ముందుకు కాదు, మొహంలోకి పేలుతుంది. అందుకని రెండో డబ్బా దింపినవాడు మంచు కరిగేదాకా ఆ గడప తొక్కకూడదు.

అంటే ఆ ఏడు వేటకు దుకాణంలో కొన్న తూటాలే దిక్కు. ఆ ఊళ్లో అంతకన్నా తలవంపు లేదు. పరాయివాడి పళ్లతో నమిలినట్టని వాళ్ల లెక్క. కొన్న తూటా చప్పుడు వింటే కొండ మీది ఎల్క్ దుప్పికి నవ్వు ఆగదట, నవ్వుతూ ఊగిపోయే జంతువుకు గురి కుదరదట. నవ్వి నవ్వి పొట్ట పగిలి చచ్చిన దుప్పి ఎవరి లెక్కలోకి వస్తుందని సంఘంలో ఒకసారి పెద్ద తగువే అయింది.

పోయిన ఏడు ఆ నవ్వు డెల్బర్ట్ పాలబడింది. పొలాలకు ముళ్లకంచెలు వేసే మనిషి, మాట కూడా ముళ్లకంచే. ఏదో ధ్యాసలో రెండో డబ్బా దింపాడు. ఆర్విడ్ అతని కాలరు పట్టుకుని, పదిమంది చూస్తుండగా బయటికి నడిపించాడు. డెల్బర్ట్ కొన్న తూటాలతో కొండెక్కి, వట్టి చేతులతో దిగాడు. చలికాలమంతా అతను ఎక్కడ కనబడితే అక్కడ ఊరు దుప్పిలా ఇకిలించింది.

గోడ మళ్లీ గోడలా అయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మావిస్ పిస్తోలుకు తూటాలు నింపి ఇస్తానన్నాడు ఆర్విడ్. ఆవిడ కోళ్లగూటి చుట్టూ తోక గలగలలాడించే గిలకపాము తిరుగుతోంది. పిస్తోలు మందు డబ్బా బల్ల మీదికి దింపి, త్రాసు సరిచూస్తుండగా తలుపు తన్నిన చప్పుడైంది.

"బతికే ఉన్నావా ముసలాడా?" అంటూ డెల్బర్ట్ లోపలికొచ్చాడు. "మిల్లు నీ వేళ్లు తిన్ననాడే నాలుక కూడా తినాల్సింది."

"రుచి చూసి ఉమ్మేసిందిరా. చేతులు చూపించు."

"ఏం, జోస్యం చెప్తావా?"

"జిడ్డుంటే అచ్చులు పాడవుతాయి."

"నిన్ను ముట్టుకుంటేగా జిడ్డు! నా డబ్బా ఇటు పారెయ్. కొండ మీద దుప్పులు నా కోసం ఎదురుచూస్తున్నాయి."

"చూస్తాయి మరి. పోయినేడు నవ్వింది చాల్లేదట వాటికి."

మావిస్ ఫక్కుమంది. డెల్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. గోడ వంక నిదానంగా చూసి, ఒక్కో మాటా మేకు దించినట్టు అన్నాడు: "సిగ్ని నిన్ను ఎందుకు వదిలిపోయిందో ఇప్పుడు తెలిసింది. ఆవిణ్ణి కూడా మేకుకు తగిలించబోయి ఉంటావు."

భార్య పేరు ఆ గదిలో ఎవరూ ఎత్తి ఎరగరు. ఆర్విడ్ గిర్రున వెనక్కి తిరిగాడు. బీరువా తెరిచి, డెల్బర్ట్ డబ్బాను మెడ పట్టి లాగినట్టు లాగి, "తీసుకుపో! తీసుకుపోయి నువ్వే మింగు!" అని బల్ల మీద బాదాడు.

తప్పు ముందు చెవికి తెలిసింది. డబ్బా చెక్కకు తగిలిన చప్పుడు కాదది. డబ్బాకు డబ్బా తగిలిన చప్పుడు.

డెల్బర్ట్ మెల్లగా సాగదీశాడు. "లెక్కపెట్టు ఆర్విడ్. ఒకటి తర్వాత ఎంతొస్తుంది?"

"మూతలు బిగించే ఉన్నాయి కదయ్యా," అంది మావిస్.

"నావీ బిగించే ఉన్నాయి, ఆరోజు."

మావిస్ కప్పు కింద పెట్టింది. "ఆ పిస్తోలు డబ్బా నేనే పెట్టానక్కడ. ఆయనకు సంబంధం లేదు."

ఒక్క ఊపిరి సేపు ఆర్విడ్ ముందు ఆ అబద్ధం తలుపులా తెరుచుకుంది. దూరితే చాలు. మేకులు ఉంటాయి, తాళంచెవి ఉంటుంది, రేపు పొద్దున వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది. డెల్బర్ట్ ఎంత మొత్తుకున్నా నమ్మేవాడెవడు?

"నోర్ముయ్ మావిస్," అన్నాడు. "పెట్టింది నేనే. రెండూ నేనే."

డబ్బాల్ని ఒకదాని వెంట ఒకటి బీరువాలో పెట్టాడు. బల్ల తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. గరాటును తీసి, మళ్లీ దాని మేకుకే వేశాడు. అంతసేపూ డెల్బర్ట్ తన కాలరు పట్టుకుంటాడేమోనని మెడ లేని ఆ మెడ బిగుసుకునే ఉంది. డెల్బర్ట్ కదల్లేదు. ఏడాదిగా కలలో తిన్న తీపి నోట్లోకి వచ్చేసరికి ఎటు నమలాలో తోచనట్టు నిలబడ్డాడు.

ఆర్విడ్ నడుము నుంచి తాళంచెవి విప్పి అతని మీదికి విసిరాడు.

"నాకెందుకు?" అన్నాడు డెల్బర్ట్, పట్టుకుని.

"ఇంకెవడికిచ్చినా నియమం మరిచిపోతాడు. నువ్వు మరవ్వు. నీకు కడుపులో మంట ఉంది."

"తాళంచెవి ఇస్తే నిన్ను క్షమిస్తాననుకుంటున్నావేమో."

"నువ్వు క్షమిస్తే నాకు దద్దుర్లొస్తాయిరా. అచ్చులకు నూనె రాయకుండా పెట్టావని తెలిసిందో, వచ్చి తంతాను."

"మంచు కరిగాకే రావాలి."

"తెలుసు. ఆ మాట అన్నది నేనేగా."

ఆర్విడ్ బండి వంతెన దాటుతుండగా కింద బోసి సీటు చల్లగా తగిలి, ఏం మరిచిపోయాడో గుర్తొచ్చింది. వెనక్కి తిప్పలేదు. వెళ్తే డెల్బర్ట్ తలుపు తీస్తాడు. తీసి నవ్వుతాడు. నవ్వకపోతే మరీ అన్యాయం.

ఆ ఏడు మంచు ఆలస్యంగా కరిగింది. ఆర్విడ్ అంతదాకా ఆగలేదు. ఒక మధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు. డెల్బర్ట్ చలికాలమంతా బల్ల దగ్గర నిలబడే పని చేశాడు. అతని వెనక ఎత్తుపీట మీద, ఆర్విడ్ పరుచుకున్న గొర్రెతోలు తీసినవాడు లేక అలాగే ఉంది: అంచుల్లో ఉన్ని తెల్లగా నిక్కి, నడుమ అరిగిపోయి రెండు బోడి గుంటలు, వాటిలో ఎడమది కాస్త లోతుగా.